ఢిల్లీకి పంపాలా వద్దా అని అడిగిన ఒక తల్లికి

ప్రశ్న: మా అమ్మాయికి ఇరవై రెండేళ్లు. డిగ్రీ అయిపోయింది. సివిల్స్ రాస్తానంటోంది, కోచింగ్‌కి ఢిల్లీయే వెళ్తానని పట్టుబట్టి కూర్చుంది. హైదరాబాద్ అయితే మాకు ఒక రాత్రి ప్రయాణం. అంత పెద్ద ఊళ్లో ఒక్కతే ఎలా ఉంటుందండీ? హిందీ రాదు. అక్కడి గాలి మంచిది కాదంటున్నారు, దీనికి చిన్నప్పుడు ఆయాసం ఉండేది. ఇంతవరకు ఒక్క రాత్రి కూడా మమ్మల్ని విడిచి ఉండలేదు. వాళ్ల అన్నయ్య బెంగళూరులో ఉద్యోగం చేస్తున్నాడు. ఢిల్లీ మంచిదా, హైదరాబాద్ మంచిదా పోల్చి చెప్పండి.

జవాబు: అమ్మా, డిగ్రీ పరీక్షలు అయిపోయే రోజులు వస్తే నాకు ఇలాంటి ఉత్తరాలు వరుసగా వస్తాయి. అందరూ పైకి అడిగేది ఏ ఊళ్లో కోచింగ్ మంచిదని. లోపల ఉన్నది మాత్రం నా బిడ్డ నా కళ్లముందు లేకపోతే ఎలా అన్న బెంగ. మీరు దాన్ని దాచుకోలేదు కాబట్టి ముందు దాని గురించే మాట్లాడతాను. పోలిక తర్వాత చెబుతాను.

టీవీలో ఇండియా గేట్, వెడల్పాటి రోడ్లు చూసి అదే ఢిల్లీ అనుకుంటాం. సివిల్స్‌కి వెళ్లిన పిల్లలు ఉండేది ఓల్డ్ రాజేందర్ నగర్, కరోల్ బాగ్, ముఖర్జీ నగర్ గల్లీల్లో. కొన్నేళ్ల కిందట నా దగ్గర సలహా తీసుకుని వెళ్లిన ఒక అమ్మాయిని చూడ్డానికి రాజేందర్ నగర్ వెళ్లాను. మూడో అంతస్తు. ఒక గదికి మధ్యలో ప్లైవుడ్ కొట్టి రెండు గదులు చేశారు. మంచం, టేబుల్ పోగా మిగిలింది ఒక చాప పరిచేంత జాగా. కిటికీ ఉంది, తెరిస్తే మెట్లు కనిపిస్తాయి. గోడకు అంటించిన ఇండియా మ్యాప్ కింది అంచు చెమ్మకు ఉబ్బిపోయి, కన్యాకుమారి దగ్గర గోడను వదిలేసింది. మేం మాట్లాడుతుంటే ప్లైవుడ్ అవతలి నుంచి ఎవరో రెండుసార్లు తట్టారు, నెమ్మదిగా మాట్లాడమని. "అలవాటైపోయింది సార్" అంది ఆ అమ్మాయి గొంతు తగ్గించి. ఆ గదికి అద్దె, దానిమీద బ్రోకర్‌కి కమీషన్, అడ్వాన్స్. కరెంటుకు ఓనర్ వేరే సబ్‌మీటర్ పెట్టి యూనిట్‌కి తను చెప్పిన రేటు తీసుకునేవాడు. ఢిల్లీ ప్రభుత్వం 2019 నుంచి 200 యూనిట్ల దాకా ఇస్తున్న ఉచిత కరెంటు ఆమె వరకు రానేలేదు.

ఇంత చెప్పాక మీకు టెన్షన్ పెరుగుతుందని తెలుసు. కానీ ఆ మర్నాడు ఆదివారం ఏం జరిగిందో కూడా చెప్పాలి. ఆ అమ్మాయే నన్ను ఊరు తిప్పింది. వెళ్లినప్పుడు ఆమెకు వచ్చిన హిందీ స్కూల్లో చదివిన నాలుగు పద్యాలే. ఇప్పుడు ఆటో ఆపి "భయ్యా, మీటర్ సే చలోగే?" అని అడిగింది. అతను రానంటే ఇంకొకణ్ణి పిలిచింది. దర్యాగంజ్ పాత పుస్తకాల సంత, 2019లో ఫుట్‌పాత్ మీద నుంచి మహిళా హాట్‌కి మారిందే, అక్కడ కిలోల లెక్కన అమ్మే పుస్తకాల్లోంచి రెండు ఏరుకుంది. మధ్యాహ్నం ఆంధ్రా భవన్ క్యాంటీన్‌లో పప్పు, పచ్చడి పడేసరికి మొహం వెలిగింది. అక్కడ లైన్‌లో ముందున్న పిల్లలూ తెలుగువాళ్లే, వెనకున్న పిల్లలూ తెలుగువాళ్లే. పెద్ద ఊరు మనిషిని అలా రాటుదేలుస్తుందమ్మా, ఎవరూ పాఠం చెప్పకుండానే. హిందీ గురించి మీరు బెంగపడక్కర్లేదు. మూడు నెలల్లో కూరగాయల బండివాడే నేర్పేస్తాడు.

తెలుగు ఆడపిల్లకు ఢిల్లీ కొత్త కూడా కాదు. దుర్గాబాయి దేశ్‌ముఖ్ రాజ్యాంగ సభలో కూర్చున్న ఊరది. అక్కడి తెలుగు పిల్లల చదువు కోసం 1948లో ఆంధ్రా ఎడ్యుకేషన్ సొసైటీ పెట్టింది ఆవిడే. ఇవాళ మెట్రో పింక్ లైన్‌లో ఒక స్టేషన్‌కి ఆవిడ పేరుంది.

ఇక భద్రత. ఢిల్లీకి ఆ చెడ్డపేరు ఊరికే రాలేదు. 2012 డిసెంబరు నిర్భయ అత్యాచార ఘటన తర్వాతే 2013లో ఆడవాళ్ల మీద నేరాల చట్టాలు మార్చారు. ఆ భయం మీకు ఉండటంలో తప్పు లేదు. కోచింగ్ గల్లీల్లో మాత్రం రాత్రి పది దాటినా జనం ఉంటారు, టీ కొట్ల దగ్గర నోట్సు పట్టుకుని ఆడపిల్లలు నిలబడి ఉంటారు. మెట్రోలో మొదటి పెట్టె ఆడవాళ్లకే. నా భయం వేరే చోట ఉంది, దాని గురించి మీరు అడగలేదు. 2024 జూలై 27న ఓల్డ్ రాజేందర్ నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్ సెల్లార్‌లో నడుపుతున్న లైబ్రరీలోకి వాననీళ్లు దూసుకొచ్చి ముగ్గురు పిల్లలు చనిపోయారు. అంతకు ముందు ఏడాది జూన్‌లో ముఖర్జీ నగర్‌లో ఒక బిల్డింగ్‌లో కరెంటు మీటర్ల దగ్గర మంటలు లేస్తే, పిల్లలు కిటికీల్లోంచి తాళ్లు, వైర్లు పట్టుకుని దిగారు. వీళ్లెవరూ అర్ధరాత్రి రోడ్డు మీద తిరిగినవాళ్లు కాదు, పుస్తకం ముందు కూర్చున్నవాళ్లు. కాబట్టి గది చూడ్డానికి వెళ్లినప్పుడు దిగడానికి రెండో దారి ఉందా, మీటర్ బోర్డు మెట్ల కిందే ఉందా, కిటికీ గ్రిల్ తెరుచుకుంటుందా అవి చూడండి. లైబ్రరీ సెల్లార్‌లో ఉంటే ఫీజు ఎంత తక్కువైనా వద్దనండి. కోచింగ్ గేటు పక్కనే గది కావాలని పట్టుబట్టకండి. ఒకటి రెండు స్టేషన్ల అవతల, పటేల్ నగర్‌లోనో షాదీపూర్‌లోనో తీసుకుంటే రోజూ కాసేపు ఆ గల్లీ బయట కూడా లోకం ఉందని కనబడుతుంది.

గాలి సంగతి మాత్రం నేను తేలిగ్గా తీసుకోను. మీరు దాన్ని ఒక్క ముక్కలో దాటేశారు. దీపావళి ముందు నుంచి జనవరి దాకా ఢిల్లీ గాలి చెడిపోతుంది. బండ్ల పొగ, దుమ్ము ఎప్పుడూ ఉండేవే. దానికి పంజాబ్, హర్యానా పొలాల్లో వరి కొయ్యకాళ్లు తగలబెట్టిన పొగ తోడవుతుంది. చలికి గాలి కదలక అదంతా నేలబారుగా నిలిచిపోతుంది. గాలి నాణ్యత సూచీ 400 దాటితే అక్కడ 'తీవ్రం' అంటారు, ఆ రోజులు ఏటా వస్తాయి. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకే గొంతు మండుతుంది. "చిన్నప్పుడు ఉండేది" అన్నది మీ మాట, నాకు డాక్టర్ మాట కావాలి. అడ్మిషన్ ఫీజు కట్టకముందే ఊపిరితిత్తుల డాక్టర్‌కి చూపించి, గొట్టంలోకి ఊదించే ఆ పరీక్ష చేయించండి. ఆయన వద్దంటే ఢిల్లీ మాట అంతటితో వదిలేయండి. ఏ ర్యాంకూ దానికి సరిపోదు.

ఇప్పుడు అసలు ఈ ఢిల్లీ మోజు మీద నాకున్న అనుమానం. 2024 సివిల్స్‌కి 9,92,599 మంది దరఖాస్తు చేశారు. 5,83,213 మంది మొదటి దశ పరీక్ష ప్రిలిమ్స్ రాశారు. చివరికి ఎంపికైంది 1,009 మంది. కరోల్ బాగ్ మెట్రో దిగగానే కనబడే బోర్డుల మీద ఈ వెయ్యి మంది మొహాలే ఉంటాయి, ఒకే మొహం రెండు మూడు సంస్థల బోర్డుల మీద కూడా ఉంటుంది. ఇంటర్వ్యూ ప్రాక్టీస్‌కి మాత్రమే వచ్చిన పిల్లల్ని పూర్తి కోర్సు చదివినట్టు చూపించినందుకు కొన్ని సంస్థలకు కేంద్ర వినియోగదారుల రక్షణ అథారిటీ జరిమానాలు వేసింది. మిగతా లక్షల మంది మొహాలకు బోర్డులుండవు. వాళ్లు అదే గల్లీలో ఉంటారు. మూడో అటెంప్ట్, నాలుగో అటెంప్ట్.

ఢిల్లీలో ఉండటంలో నేను చూసిన అతి పెద్ద కష్టం అక్కడి నుంచి వెనక్కి రావడం. చలి, ఎండ, గది, ఇవన్నీ పిల్లలు తట్టుకుంటారు. కానీ ఊళ్లో అందరికీ "మా అమ్మాయి ఐఏఎస్‌కి ఢిల్లీ వెళ్లింది" అని చెప్పేసి ఉంటారు. ఇక ర్యాంకు లేకుండా ఏ మొహంతో వస్తుంది? పండక్కి రాదు, పెళ్లిళ్లకు రాదు, ఫోన్‌లో "బాగానే చదువుతున్నా" అంటుంది. ఇరవై తొమ్మిదేళ్ల కుర్రాడు నా ముందు కూర్చుని, "పరీక్ష మానేద్దామని రెండేళ్ల కిందటే అనుకున్నా సార్, నాన్నకు చెప్పలేక ఉండిపోయా" అన్నాడు. ఆ రెండేళ్లూ వాళ్ల నాన్న నెలనెలా అప్పు చేసి డబ్బు పంపాడు. నగరం ఆ కుర్రాణ్ణి పట్టి ఉంచలేదు, ఇంటివాళ్లు నలుగురిలో చెప్పుకున్న మాటే పట్టి ఉంచింది. కాబట్టి పంపితే చుట్టాలకు చెప్పకండి. తప్పదంటే చదువుకోవడానికి వెళ్లిందని చెప్పండి, అంతే. ఎన్ని అటెంప్టులు, ఏ నెలకు వెనక్కి, వెనక్కి వచ్చాక ఏం చేస్తుంది, ఈ మూడూ ఆమె నోటితో చెప్పించుకుని కాగితం మీద రాయించండి. "వచ్చేయ్, ఇంట్లో నిన్ను ఎవరూ ఏమీ అనరు" అన్న మాట రైలెక్కే ముందే చెప్పండి.

మీ ఉత్తరంలో ఒక వాక్యం దగ్గర నేను ఆగిపోయాను. వాళ్ల అన్నయ్య బెంగళూరులో ఉన్నాడన్నారు. అతన్ని పంపేటప్పుడు ఇలాగే ఎవరికైనా ఉత్తరం రాశారా? ఒక్కడే ఎలా ఉంటాడు, కన్నడం రాదే అని అడిగారా? అమ్మాయి ఇరవై రెండేళ్లొచ్చినా ఒక్క రాత్రి విడిచి ఉండలేదని మురిపెంగా రాశారు. అది ఆమె చేతకానితనం కాదమ్మా, మీరు ఆమెకు ఆ అవకాశం ఇవ్వలేదు. రేపు సర్వీస్ వస్తే ఏ రాష్ట్రం ఇస్తే అక్కడికి, భాష కూడా తెలియని జిల్లాకి ఒక్కతే వెళ్లాలి. ఆ ఉద్యోగం కావాలి, ఒక ఊళ్లో ఒంటరిగా ఏడాది ఉండటం మాత్రం వద్దు అంటే ఎలా కుదురుతుంది? కటువుగా అన్నానని బాధపడకండి. మీ భయం ప్రేమ నుంచి వచ్చిందేనని నాకు తెలుసు. కానీ ఆ భయాన్ని అమ్మాయి మొయ్యకూడదు. అంత పెద్ద ఉత్తరంలో అసలు ఢిల్లీ ఎందుకే అని ఆమెను అడిగారా, ఆమె ఏం చెప్పింది అన్నది ఒక్క ముక్క కూడా లేదు.

పోలిక అడిగారు కదా. క్లాసుల విషయానికొస్తే పెద్ద తేడా లేదు, మంచి పాఠాలన్నీ ఆన్‌లైన్‌లో ఉన్నాయి. మెయిన్స్‌లో మనం ఎంచుకునే ఆప్షనల్ సబ్జెక్టు తెలుగు సాహిత్యం అయితే ఢిల్లీ వెళ్లి చేసేదేమీ లేదు, హైదరాబాదే. అశోక్ నగర్‌లో హాస్టల్, చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలో సీటు, దేశం నలుమూలల నుంచి కాకపోయినా గట్టిగా చదివే తోటివాళ్లు అక్కడా ఉన్నారు. ప్రిలిమ్స్, మెయిన్స్ రెండూ హైదరాబాద్‌లోనో విజయవాడలోనో రాయొచ్చు. ఢిల్లీ తప్పనిసరిగా వెళ్లాల్సింది ఇంటర్వ్యూకే, షాజహాన్ రోడ్‌లో యూపీఎస్సీ ఆఫీసు ఉన్న ధోల్‌పూర్ హౌస్‌కి. పరీక్ష ఒక్కటే చూసుకుంటే మొదటి అటెంప్ట్ హైదరాబాద్ హాస్టల్‌లో ఉండి రాయమంటాను, ఇంట్లో ఉండి కాదు. "నాకు పరీక్షతో పాటు ఆ ఊరు కూడా కావాలి, అక్కడ ఉండి చూడాలి" అని అమ్మాయి అంటే అదీ న్యాయమైన కోరికే. డాక్టర్ సరేనంటే నేను కాదనను, ఒక ఏడాదికి పంపండి.

అంతకు ముందు జూలైలో రెండు వారాలు పంపి చూడండి, వానల్లో ఆ గల్లీలు ఎలా ఉంటాయో ఆమెకే తెలుస్తుంది. రైలు ఎక్కించండి, దింపడానికి మీరు వెళ్లొద్దు. ఆ రెండు వారాలు ఫోన్ రోజుకొక్కసారి, రాత్రి తొమ్మిది తర్వాత, అదీ ఆమె చేస్తేనే. తిరిగొచ్చాక ఇద్దరూ కలిసి నాకు మళ్లీ రాయండి. ఈసారి సగం ఉత్తరం అమ్మాయి చేతిరాతలో ఉండాలి.