రాయబారిని పిరికివాణ్ణి చేయకు

కడప

చిరంజీవికి ఆశీస్సులు.

నీ కథ అందింది. వాక్యం మీద నీకు పట్టు ఉంది. కానీ మన రాయబారిని చేతులు నలుపుకునే పిరికివాడిగా చూపించి, ఆఖరి పేజీలో మన విమానాలు ఒక్క రాత్రిలో శత్రుదేశపు అణుస్థావరాలన్నిటినీ మట్టుపెట్టాయనీ, తెల్లవారేసరికి ఆ దేశం కాళ్ళబేరానికి వచ్చిందనీ రాశావే, అక్కడ నాకు పట్టరాని కోపం వచ్చింది.

అణ్వాయుధాలు ఉన్నవాడిని ఒక్క రాత్రిలో ముగించడం కుదరదు. వాడు దాచినవాటిలో ఒక్కటి మిగిలినా ఒక నగరం పోతుంది. 1962 అక్టోబరులో క్యూబాలో సోవియట్ క్షిపణులు బయటపడినప్పుడు, వెంటనే బాంబులు వేద్దామని అమెరికా సేనాధిపతులు ఒత్తిడి చేసినా, అధ్యక్షుడు కెనెడీ నౌకాదళంతో దిగ్బంధం చేసి ఆగాడు. యుద్ధరంగంలో వాడే చిన్న అణ్వాయుధాలు అప్పటికే ఆ దీవికి చేరాయని వాళ్ళకు తెలియనే తెలియదు. అక్టోబరు 27న తమ గూఢచారి విమానం కూలి పైలట్ మరణించిన రోజు సాయంత్రమే, అధ్యక్షుని తమ్ముడు రాబర్ట్ సోవియట్ రాయబారి దోబ్రినిన్‌ను కలిసి, టర్కీలోని తమ క్షిపణులను తీసివేస్తామని, ఆ మాట మాత్రం బయటికి పొక్కరాదని చెప్పాడు. మరునాడు సోవియట్ నాయకుడు క్రుశ్చేవ్ వెనక్కి తగ్గాడు. రాయవలసిన కథ ఆ గదిలో ఉంది, నాయనా.

బలం వద్దని నేను అనడం లేదు. 1999లో కార్గిల్ శిఖరాల కోసం మన సైనికులు ప్రాణాలిచ్చారు; అయినా నియంత్రణ రేఖ దాటరాదని ప్రభుత్వం కట్టడి చేసింది. అంతకు మూడు నెలల ముందే లాహోర్‌లో పాకిస్తాన్‌తో శాంతి ప్రకటనపై సంతకాలు చేశాం కదా, ఏమైందని నువ్వు అడగవచ్చు, అడగాలి కూడా. మాట తప్పినవాడితోనే మళ్ళీ మాట్లాడవలసి రావడం రాయబారి పనిలోని అసలు బాధ, దాన్ని నీ కథ తాకనైనా లేదు. 2001 డిసెంబరులో పార్లమెంటుపై దాడి జరిగి, సైన్యాలు సరిహద్దుకు కదిలి, ఇస్లామాబాద్ నుంచి మన హైకమిషనర్‌ను వెనక్కి పిలిపించుకున్న తరువాత కూడా, ఒకరి అణుకేంద్రాలపై ఒకరు దాడి చేయరాదన్న 1988 నాటి ఒప్పందం ప్రకారం, 2002 జనవరి 1న రెండు దేశాలూ ఆ కేంద్రాల జాబితాలు ఇచ్చిపుచ్చుకున్నాయి. ఆ కాగితాన్ని శత్రువు చేతికి అందించిన ఉద్యోగి ఏ మనసుతో వెళ్ళి ఉంటాడో ఎప్పుడైనా ఆలోచించావా?

జమ్మలమడుగు వైపు ఒక పల్లెలో రాజీ పంచాయతీ చూసి నేనొక కథ రాశాను. ముందు ఎవరు కూర్చోవాలన్న పట్టుదలతో రెండు వర్గాలవాళ్ళూ అర్ధరాత్రి దాకా నిలబడే ఉన్నారు. ఒక ముసలాయన రెండు చాపలు ఒకేసారి పరిపించాక గాని మాట మొదలు కాలేదు. సీమ కథలో వేటకొడవలి లేకపోతే ఎవరు చదువుతారంటూ ఒక సంపాదకుడు దాన్ని తిప్పి పంపాడు. అలాంటి సంపాదకులు ఇంకా ఉన్నారు, నీ ఆఖరి పేజీ వాళ్ళకు నచ్చుతుంది కూడా. ఆ మెప్పును నమ్ముకోకు.

పోటీల గురించీ, పుస్తకం అచ్చు గురించీ అడిగినవాటికి ఇప్పుడు జవాబు రాయను. ముందు రాయబారి ఘట్టం తిరగరాయి. అతని ఎదుట కూర్చున్నవాడికి కూడా భయం ఉండాలి, తగ్గితే సొంత సేనాధిపతులు వాడిని బతకనిస్తారా అన్న దిగులు ఉండాలి. వాడు పరువు దక్కించుకుని లేచిపోయేందుకు మనవాడు ఏ మాట వాడతాడో వెతుకు. దొరికాక పంపు.