పహాణీలో "పోట్ ఖరాబ్", "శిఖం" అని ఉంటే అర్థం ఏంటి? ఆ పొలం కొనొచ్చా?

ఈ ప్రశ్న అడుగుతూ, పహాణీలో (ఊరి భూముల సాగు, శిస్తు వివరాల రికార్డు) ఈ పదాల అర్థాలు గూగుల్ చేశానన్నారు కదా, నేనూ ఒకప్పుడు నిఘంటువు చూసుకునే వెళ్లి మండల ఆఫీసులో నవ్వులపాలయ్యాను.

మాది నల్లగొండ జిల్లా. నాన్న పోయాక విరాసత్ (వారసుల పేరు మీదికి భూమి మార్చడం) కోసం పహాణీ నకలు తీయించాను. ఆయన బతికున్నన్నాళ్లూ "మనది మూడెకరాల ఇరవై గుంటలు" అనేవాడు. కాగితంలో మొత్తం 3.20 అనే ఉంది. పక్క గడిలో పోట్ ఖరాబ్ 0.12, మిగిలింది 3.08. ఖరాబంటే చెడిపోయిందని కదా, మా నల్లరేగడి ఎప్పుడు చెడిపోయింది, పన్నెండు గుంటలు ఎవరు మింగారు అని కౌంటర్ దగ్గర గొంతు పెంచాను. గుమాస్తా తల కూడా ఎత్తలేదు.

బయట చాయ్ బండి దగ్గర ఒక ముసలాయన కూర్చునేవాడు. 1984లో ఆ ఉద్యోగాలు రద్దయ్యే దాకా పట్వారీగా, అంటే ఊరి భూముల లెక్కలు రాసే ఉద్యోగిగా చేశాడట. అందరూ పంతులు అనేవాళ్లు. కాగితం తీసుకుని, దారంతో కట్టిన కళ్లద్దాలు సర్దుకుని, ఆ గడి మీద వేలు పెట్టాడు. "బిడ్డా, మీ చెల్కల బండ ఉన్నదా?" ఉందన్నాను. "దాని మీద ఏమన్న పండుతదా? పండని జాగకు శిస్తు ఎట్ల అడుగుతరు? మాఫ్ చేసి రాసిండ్రు. భూమి మీదే, ఎటు పోలే." ఆ బండ మీదే చిన్నప్పుడు మేం కందులు ఆరబెట్టేవాళ్లం.

ఆ రోజు నుంచి నాదొకటే మాట: ఈ పదాల్లో చాలావరకు శిస్తు కోసం పుట్టినవే. తరి, ఖుష్కీ అంటే నీటి పారుదల ఉన్నదీ లేనిదీ, ఎందుకంటే రెండింటికీ శిస్తు వేరు. ఖారిజ్ ఖాతా అంటే రైతు ఖాతాలోంచి కొట్టేసి సర్కారు కింద రాసుకున్నది. ఈ కళ్లతో చూస్తే పహాణీలో సగం భయం పోతుంది.

ఇంకో తిరకాసు 3.20లో ఉన్న ఆ చుక్క. మా బావగారిది గుంటూరు. 3.20 చూసి మూడెకరాల ఇరవై సెంట్లు అనుకున్నాడు. వాళ్లకు ఎకరానికి వంద సెంట్లు, మాకు నలభై గుంటలు. ఇరవై గుంటలంటే అరెకరం అని చెప్పేసరికి, ఆయన లెక్కలో మాకు ముప్పై సెంట్లు ఊరికే కలిసొచ్చాయి! ఆ చుక్క బదులు గీత పెడితే ఏం పోతుందో నాకర్థం కాదు. 2020లో ధరణి అన్నారు, 2025లో భూభారతి అన్నారు, తెలంగాణ భూముల రికార్డుల వెబ్‌సైట్ పేర్లు మారుతున్నాయి. తగాదా వస్తే మాత్రం కోర్టులో ఇప్పటికీ ఖాస్రా పహాణీ, అంటే 1954-55 నాటి పాత పహాణీ తెమ్మంటారు.

ఇక మీ శిఖం సంగతి. అది చెరువు లోపలి భూమి. పట్టా ఉన్నా నీళ్లు తగ్గాక సాగు చేసుకోవడానికే, ఇల్లు కట్టడానికి కాదు. బ్రోకర్ ఏప్రిల్లో చూపించి ఉంటాడు. అడ్వాన్స్ ఇవ్వకుండా, వానలు బాగా పడ్డాక ఒకసారి వెళ్లి, ఆ సర్వే నంబర్ రాయి నీళ్లపైకి కనిపిస్తుందేమో చూడండి.