రీవర్క్ బోర్డుకి వేరే దారి వేయండి

ప్రశ్న: నమస్తే సార్. రేణిగుంటలో ఛార్జర్ బోర్డులు తయారుచేసే కంపెనీలో ప్రొడక్షన్ ఇంజినీర్‌గా చేస్తున్నాను. ఫంక్షనల్ టెస్ట్‌లో ఫెయిలైన బోర్డు రీవర్క్ టేబుల్‌కి పోతుంది. బాగుచేసి మళ్లీ లైన్‌లోకి తెచ్చి స్కాన్ చేస్తే, ఈ సీరియల్ నంబర్ ఈ ఆపరేషన్ ఎప్పుడో దాటేసిందని సాఫ్ట్‌వేర్ ఆపేస్తుంది. అప్పుడు సూపర్‌వైజర్ తన లాగిన్‌తో ముందుకు తోసేస్తున్నాడు. మా మేనేజర్ గారేమో మెయిన్ రూటింగ్‌లోనే టెస్ట్ తర్వాత ‘రీవర్క్’ అని ఒక ఆపరేషన్ పెట్టేయమంటున్నారు. సరిపోతుందా? ఆడిట్ దగ్గరపడింది, టెన్షన్‌గా ఉంది.

జవాబు: పెట్టొద్దు. మెయిన్ రూటింగ్ అంటే ప్రతి బోర్డూ నడిచే దారి. అందులో పది నిమిషాల రీవర్క్ రాశారనుకోండి, వెయ్యి బోర్డుల ఆర్డర్‌లో వెయ్యీ ఆ టేబుల్ దగ్గర పది నిమిషాలు ఆగుతాయనే ప్లానింగ్ లెక్క వేసుకుంటుంది. ఉన్న ఒకరిద్దరు టెక్నీషియన్ల మీద కొండంత లోడ్ చూపిస్తుంది, ఆ పది నిమిషాల కూలీ ప్రతి బోర్డు స్టాండర్డ్ కాస్ట్‌లోనూ కలిసిపోతుంది. పైగా మంచి బోర్డుకి కూడా అక్కడ స్కాన్ కొట్టాల్సిందే కాబట్టి షిఫ్ట్ చివర్లో ఎవరో ఒకరు ట్రేలకు ట్రేలు టకటకా కొట్టేస్తారు, ఆ తర్వాత నిజంగా రిపేరైనవి ఏవో ఆ వెంకన్నకే తెలియాలి.

రీవర్క్‌కి విడిగా చిన్న రూటింగ్ రాసుకోండి. లోపం కనుక్కోవడం, సోల్డర్ (టంకం) పని, క్లీనింగ్, కంటి చూపు తనిఖీ, ఇంతే. దాన్ని డిఫెక్ట్ కోడ్‌కి కట్టండి. టెస్టర్ ఫెయిల్ చూపగానే ఆపరేటర్ కోడ్ ఎంచుకుంటాడు, బోర్డు మెయిన్ దారిలో హోల్డ్ అయిపోతుంది, ఆ ఒక్క సీరియల్‌కే రీవర్క్ దారి తెరుచుకుంటుంది. కోడ్‌లు మాత్రం వందల్లో పెట్టకండి. లిస్టు పొడుగైతే జనం పైనున్న మొదటిది నొక్కేసి చేతులు దులుపుకుంటారు. ముందు రీవర్క్ టేబుల్ దగ్గర ఒక పూట కూర్చుని, టెక్నీషియన్ నోట్‌బుక్‌లో ఏం రాసుకుంటున్నాడో చూడండి. సోల్డర్ బ్రిడ్జ్, డ్రై సోల్డర్, పార్ట్ తిరగబడింది, పార్ట్ లేదు... కోడ్‌లు అందులోనే దొరుకుతాయి.

ఇక అసలు చిక్కంతా రిపేరైన బోర్డు మళ్లీ ఎక్కడికి రావాలన్న దగ్గరే. చాలామంది ఫెయిలైన టెస్ట్‌కే నేరుగా తిప్పి పంపుతారు. కెపాసిటర్ మార్చిన బోర్డు ఉందనుకోండి. అది కెమెరా తనిఖీ, అదే మీరు ఏఓఐ అంటారు చూడండి, దాన్ని దాటిన సంగతి నిజమే, కానీ దాటింది పాత కెపాసిటర్‌తో. ఇప్పుడున్నది కొత్త సోల్డర్, దాన్ని ఏ కెమెరా చూడలేదు. పార్ట్ మార్చితే ఏఓఐ నుంచి మళ్లీ రావాలి, అడుగున బంతులుండే బీజీఏ చిప్ మార్చితే ఎక్స్‌రే కూడా కావాలి, కనెక్టర్ సరిగ్గా నొక్కి పెట్టడమే చేసుంటే టెస్ట్‌కి వస్తే చాలు. చేసిన రిపేరు వల్ల ఏయే తనిఖీల ఫలితం చెల్లకుండా పోయిందో చూసి, వాటిలో అన్నిటికన్నా ముందున్న దాని దగ్గరకి బోర్డును తిప్పండి. ఆ తనిఖీదీ, దాని తర్వాతివాటివీ పాత పాస్‌లన్నిటినీ సిస్టమ్ రద్దు చేయాలి. మీ దగ్గర స్కాన్ ఆగిపోతున్నది కూడా ఇది చేయకపోవడం వల్లే.

ఇంకోటి. ఫెయిలైన ప్రతి బోర్డూ చెడ్డది కాదు. బోర్డును పెట్టి పరీక్షించే టెస్ట్ ఫిక్స్‌చర్‌లో స్ప్రింగ్ పిన్నుల మొనలకి, సోల్డర్ పనిలో వాడే ఫ్లక్స్ జిగురు అంటుకుని నల్లబడితే మంచి బోర్డు కూడా ఫెయిల్ చూపిస్తుంది, తీసి మళ్లీ పెడితే పాస్. దీన్ని రీవర్క్‌లో కలపకండి, ‘రీటెస్ట్’ అని వేరే కోడ్ ఇచ్చి ఒక్కసారే అనుమతించండి. ఒకే ఫిక్స్‌చర్ మీద రీటెస్ట్‌లు పెరుగుతుంటే శుభ్రం చేయాల్సింది పిన్నులనే.

స్టోర్స్‌తో గొడవ రాకూడదంటే బ్యాక్‌ఫ్లష్ సంగతి చూసుకోండి. ఆపరేషన్ పూర్తయిందనగానే బీఓఎం, అంటే బోర్డుకి కావాల్సిన పార్టుల లిస్టు ప్రకారం పార్టులన్నీ స్టాక్‌లోంచి తగ్గే సెట్టింగ్ అది. రీవర్క్ దారిలో అదే వదిలేస్తే, మార్చింది ఒక్క కెపాసిటర్, తగ్గేది మొత్తం బోర్డు సామాను. అక్కడ దాన్ని ఆపేసి, మార్చిన పార్టునే ఆ సీరియల్ మీద ఇష్యూ చేయండి. బోర్డుల లెక్కా అంతే, తిరిగొచ్చిన బోర్డును మళ్లీ కొత్తగా కౌంట్ చేస్తే ఐదువందల ఆర్డర్‌కి ఐదువందల ముప్ఫై వచ్చినట్టు చూపిస్తుంది. ఫస్ట్ పాస్ ఈల్డ్, అంటే రిపేరు లేకుండా పాసైన బోర్డుల శాతం కూడా మొదటిసారి టెస్ట్ ఫలితం మీదే లెక్కకట్టాలి. వెయ్యిలో 60 మొదటిసారి ఫెయిలైతే అది 94 శాతమే, ఆ 60 తర్వాత బాగుపడినా సరే. ఈ నంబరు చూసి పైవాళ్ల మొహాలు మాడతాయి, మాడనివ్వండి.

ఎన్నిసార్లు రీవర్క్ చేయొచ్చన్నది కూడా సిస్టమ్‌లోనే కట్టేయండి. సీసం లేని సోల్డర్ కరగాలంటే దాదాపు 217 డిగ్రీల సెల్సియస్ దాటాలి, అదే చోట పదేపదే వేడి తగిలితే రాగి ప్యాడ్ బోర్డు నుంచి లేచిపోతుంది. అందుకని లెక్క బోర్డుకి పెట్టే కన్నా బోర్డు మీది చోటుకి పెట్టడం మేలు. మూడు వేర్వేరు చోట్ల ఒక్కోసారి ముట్టిన బోర్డు పర్వాలేదు, ఒకే చోట మూడుసార్లు కాలినదాన్ని క్వాలిటీ వాళ్లు చూసి స్క్రాపో కాదో తేల్చాలి.

సాఫ్ట్‌వేర్ ఏదో మీరు రాయలేదు. ఎస్‌ఏపీ అయితే కన్ఫర్మేషన్‌లో, అంటే ఆపరేషన్ పూర్తయిందని నమోదు చేసే చోట, ఈల్డ్ (మంచివి), స్క్రాప్ (పారేసేవి), రీవర్క్ అని మూడు గడులు వేర్వేరుగా ఉంటాయి, ట్రిగ్గర్ పాయింట్ పెట్టి రీవర్క్ ఆపరేషన్లను ఆ ఆర్డర్‌లోకి చొప్పించవచ్చు. కస్టమర్ దగ్గర్నుంచి లాట్ మొత్తం వెనక్కి వస్తే మాత్రం విడిగా రీవర్క్ ఆర్డర్ తెరవండి, ఖర్చు వేరుగా కనబడుతుంది.

ఆడిట్ గురించి: క్వాలిటీ ప్రమాణం ఐఎస్‌ఓ 9001, 2015 ఎడిషన్, 8.7 క్లాజు ప్రకారం సరిచేసినదాన్ని మళ్లీ తనిఖీ చేయాలి, లోపం ఏంటో, ఏం చేశారో, నిర్ణయం ఎవరిదో రికార్డు ఉండాలి. మీ సూపర్‌వైజర్ బలవంతంగా తోసిన ప్రతి బోర్డుకీ సరిగ్గా ఇవే ఉండవు. ఆ అధికారం ముందు తీసేయండి, రేపే.

ప్రశ్న: మాది చిత్తూరు దగ్గర మామిడి గుజ్జు ఫ్యాక్టరీ. బ్రిక్స్ (తీపి కొలత) తక్కువొచ్చిన తోతాపురి డ్రమ్ములను తెరిచి తర్వాతి బ్యాచ్‌లో కలుపుతుంటాం. మేమూ ఇట్లాగే రీవర్క్ రూటింగ్ పెట్టుకోవచ్చా?

జవాబు: మీకది పనికిరాదు. బోర్డు రిపేరయ్యాక కూడా అదే బోర్డు, సీరియల్ మారదు. మీ గుజ్జు కలిశాక పాత డ్రమ్ము అనేదే మిగలదు. కాబట్టి కొత్త బ్యాచ్ నంబరు ఇచ్చి, పాత డ్రమ్మును అందులో ముడిసరుకుగా, దాని బ్యాచ్ నంబరుతో సహా ఎక్కించండి. అప్పుడు రేపు ఏదైనా ఫిర్యాదొస్తే ఏ డ్రమ్ము ఎందులో కలిసిందో వెనక్కి వెతకొచ్చు. గడువు తేదీ పాత గుజ్జు తేదీ నుంచే లెక్కపెట్టాలి, కొత్త బ్యాచ్‌ది వేస్తే తప్పు. డ్రమ్ములో గుజ్జును సూక్ష్మజీవులు చేరకుండా మూసి ఉంచే అసెప్టిక్ బ్యాగ్ తెరిచాక మళ్లీ స్టెరిలైజ్ చేయక తప్పదు. రెండోసారి వేడికి రంగు ముదురుతుంది, వాసన తగ్గుతుంది, అందుకే కలిపిన బ్యాచ్‌కి బ్రిక్స్‌తో పాటు రంగు తనిఖీని కూడా తప్పనిసరి చేయండి. ఎంత శాతం దాకా కలపొచ్చో కొనేవాళ్ల స్పెసిఫికేషన్ చూసి రెసిపీలో గరిష్ఠ పరిమితిగా పెట్టేయండి, సీజన్ హడావుడిలో ఆపరేటర్ చేతికి వదలొద్దు.