10 అడుగుల పడకగదిలో మంచం, బీరువా ఇమిడేదెలా?

10 అడుగుల పొడవు, అంతే వెడల్పు ఉన్న పడకగదిలో డబుల్ కాట్, స్టీలు బీరువా పెట్టాక నడవడానికి దారి మిగలడం లేదని, గోడకు అల్మారా చేయించమంటారా అని అడిగారు. సరిగ్గా అవే కొలతలున్న గదిలో మేము చాలా ఏళ్ళుగా ఉంటున్నాం కనుక, వడ్రంగిని పిలిచే ముందు ఒక చాక్‌పీసు తెచ్చుకోమని చెబుతాను.

సామాను కొనేటప్పుడు అది నేల మీద ఎంత చోటు తీసుకుంటుందో చూస్తాం గాని, దాని తలుపులూ సొరుగులూ తెరుచుకోవడానికి ఎంత కావాలో లెక్క వేసుకోం. మేము 6 అడుగుల వెడల్పు, 6.5 అడుగుల పొడవు ఉన్న మంచాన్ని గది మధ్యలో వేసి, కాళ్ళ వైపు గోడకు బీరువా ఆనించాం. మిగిలిన 3.5 అడుగులలో బీరువా లోతుకు 1.5 అడుగులు, దాని రెక్క తెరుచుకోవడానికి మరో 1.5 అడుగులు పోగా, మనిషి నిలబడడానికి అరడుగు మిగిలింది. మా ఆవిడ మంచం మీద మోకాళ్ళపై కూర్చుని బీరువాలోంచి చీరలు తీసుకునేది.

ఒక సెలవురోజున సామానంతా హాల్లోకి జరిపి, ప్రతి తలుపు తిరిగే మేరా నేల మీద ముగ్గు వేసినట్టు గీశాను. 3 అడుగుల గది తలుపు ఒక్కటే దాదాపు 7 చదరపు అడుగులు మింగుతోందని అప్పుడే తెలిసింది. తల ఉత్తరం వైపు పెట్టకూడదని మా అమ్మ పట్టుబట్టడంతో ఒక గోడ ముందే లెక్కలోంచి పోయింది. చివరికి ఆ మంచం మా తమ్ముడికి ఇచ్చేసి, 5 అడుగుల వెడల్పున్నది కొని, దుప్పటి దోపుకోవడానికి అడుగు సందు మాత్రం వదిలి కిటికీ గోడ వైపు జరిపాం. ఎదుటి పక్క గోడకు బీరువా పెట్టినా మధ్యలో 2.5 అడుగుల దారి మిగిలింది, కాళ్ళ వైపు చోటంతా గది తలుపుకు దక్కింది.

మంచం కింద చోటు కోసం పక్క సొరుగులున్నది కొనవద్దు. 2 అడుగుల సొరుగు పూర్తిగా లాగాలంటే ఎదురుగా 2 అడుగులు ఖాళీ ఉండాలి, ఆపైన మీరు నిలబడాలి. పైకి లేచే హైడ్రాలిక్ పెట్టె మంచం నయమే గాని, పరుపు బరువు ముందే చెప్పి తీసుకోండి. బరువెక్కువైతే మూత పైన నిలవదు, మరీ తేలికైతే సరిగా కిందికి దిగదు. అందులో చలికాలపు రగ్గులు, సూట్‌కేసుల వంటివే పెట్టండి, రోజూ పరుపు ఎత్తే ఓపిక ఎవరికీ ఉండదు.

బీరువాను మాత్రం స్నానాలగది గోడకు ఆనించకండి. చెమ్మ దిగి మా కింది అరలోని పట్టుచీరలకు బూజు పట్టింది. ఇప్పుడు వెనక 3 అంగుళాల సందు వదులుతున్నాం.