గుప్తమా, ప్రక్షిప్తమా?

సందేహం: మా చర్చి పత్రికకు నేను ప్రూఫులు దిద్దుతుంటాను. ఈసారి తోమా సువార్త మీద ఒక వ్యాసం వచ్చింది. రచయిత దాన్ని ఒకచోట ‘గుప్త గ్రంథం’ అన్నారు, ఇంకోచోట ‘ప్రక్షిప్త గ్రంథం’ అన్నారు, చివరికొచ్చేసరికి ‘బైబిల్ నుంచి తొలగించిన పుస్తకం’ అన్నారు. బైబిల్‌లో చేరని ఇలాంటి పాత పుస్తకాలను ఇంగ్లీషులో అపోక్రిఫా అంటారు కదా, దానికి వీటిలో సరైన తెలుగు ఏది? పనిలో పనిగా, తోమా అనాలా, థామస్ అనాలా? (ఒక పాఠకురాలు, గుంటూరు)

సమాధానం: మూడు మాటల్లో రెండింటిని ఇప్పుడే కొట్టేయవచ్చు. మూడోదాని సంగతే కాస్త తీరిగ్గా చూడాలి.

ప్రక్షిప్తం అంటే ఒక గ్రంథంలోకి తర్వాత ఎవరో విసిరిన ముక్క. పద్యమో, శ్లోకమో, కథో కావచ్చు. పుస్తకం మొత్తం ప్రక్షిప్తం ఎలా అవుతుంది? దేనిలోకి ప్రక్షిప్తం? ఆ మాట మీద అంత మోజుంటే యోహాను సువార్త 8వ అధ్యాయంలో వ్యభిచారంలో పట్టుబడిన స్త్రీ కథ దగ్గర వాడమనండి. బైబిల్ పాత చేతిరాత ప్రతుల్లో పేరుమోసిన 4వ శతాబ్దపు సినాయి ప్రతిలో ఆ ఘట్టం లేదు, వాటికన్ ప్రతిలోనూ లేదు. అక్కడైతే చర్చకు నిలుస్తుంది.

‘తొలగించిన’ అనేది యూట్యూబ్ తెలుగు. తొలగించాలంటే ముందు అందులో ఉండాలి కదా! తోమా సువార్త కొత్త నిబంధనలోని 27 పుస్తకాల పట్టికలో ఎన్నడూ లేదు. రాని చుట్టాన్ని ఇంట్లోంచి గెంటేశారన్నట్టుంది ఈ వరస.

ఇక గుప్తం. అపోక్రిఫా గ్రీకు మాట, ‘దాచబడినవి’ అని అర్థం. నిఘంటువు ఇక్కడితో ఊరుకుంటుంది, నేను ఊరుకోలేను. మన తెలుగులో దాచడం ఒకటి కాదు. దాచుకోవడం వేరు, దాచేయడం వేరు. మా అమ్మమ్మ కొత్త ఆవకాయ జాడీకి వాసెన కట్టి అటక మీద పెట్టేది. అది దాచుకోవడం. పగిలిన జాడీ పెంకుల్ని తాతయ్య కంటబడకుండా గడ్డివాములోకి తోసేది. అది దాచేయడం. అపోక్రిఫా అనే మాట చరిత్ర అంతా ఈ రెండు క్రియల మధ్య నడిచిన నడకే.

తోమా సువార్త మొదటి వాక్యం చూడండి: ఇవి సజీవుడైన యేసు పలికిన గుప్త వాక్యాలు, వీటిని దిదుమ యూదా తోమా రాసిపెట్టాడు. గుప్తమని ఆ పుస్తకం తనను తానే చెప్పుకుంటోంది, అదీ గర్వంగా. అర్హత ఉన్నవాడికే అందే ఉపదేశమని దాని భావం. మన గురువులు మంత్రాన్ని చెవిలో చెప్పినట్టన్నమాట. క్రీ.శ. 180 ప్రాంతంలో లియోన్ బిషప్ ఇరేనియస్ ఇదే మాటను ‘నకిలీ’ అనే మాటతో జతకట్టాడు. 367లో అలెగ్జాండ్రియా బిషప్ అథనేసియస్ ఈస్టర్ లేఖలో 27 పుస్తకాల పట్టిక ఇస్తూ, అపోక్రిఫా అంటే మతభ్రష్టులు అల్లినవేనని తేల్చేశాడు. దాచుకున్నది కాస్తా దాచేయాల్సింది అయింది. మాటకు పట్టిన గతి పుస్తకాలకూ పట్టినట్టుంది. 1945లో ఈజిప్టులోని నాగ్ హమ్మాది దగ్గర రైతులకు మట్టిలో ఒక జాడీ దొరికింది. అందులో కాప్టిక్ అనే పాత ఈజిప్టు భాషలో రాసిన తోలు అట్టల పుస్తకాలు 13, వాటిలో ఒకదాంట్లో తోమా సువార్త, 114 వాక్యాలతో. అథనేసియస్ లేఖకు జడిసి ఎవరో సన్యాసులు పాతిపెట్టారని కొందరి ఊహ. ఆ చేతులు దాచుకున్నాయా, దాచేశాయా? మా అమ్మమ్మనే అడగాలి.

ఇలా దిగజారిన మాటలు మనకూ బోలెడు. ఛందస్సు అంటే వేదం. దాన్ని వల్లించినవాడు ఛాందసుడు, ఒకప్పుడది గౌరవ వాచకం. ఇప్పుడు నన్నెవరైనా ఛాందసుడంటే నా వేద పాండిత్యానికి మురిసిపోయి అన్నారని అనుకోను. కంపు అంటే ఒకప్పుడు సువాసన కూడా, ఇప్పటి సంగతి మీకు తెలిసిందే.

‘అప్రామాణికం’ అనే నాలుగో మాట మీ వ్యాసకర్తకు ఎందుకు తట్టలేదో! దీనికో అందముంది. బైబిల్ పట్టికను గ్రీకులో కానోన్ అంటారు. కానోన్ అంటే తాపీమేస్త్రీ గోడ మట్టం చూసుకునే బద్దలాంటి తిన్నని కర్ర. అది సెమిటిక్ భాషల నుంచి గ్రీకులోకి వచ్చింది, హీబ్రూలో ‘ఖానె’ అంటే రెల్లుకాడ. యెహెజ్కేలు 40వ అధ్యాయంలో ఒక మనిషి ఆలయాన్ని కొలవడానికి ఆరు మూరల కర్ర పట్టుకొని నిలబడతాడు. మూర అంటే మామూలు మూర కాదు, మూర మీద బెత్తెడు. మన తెలుగు బైబిల్ దాన్ని ‘కొలకఱ్ఱ’ అంది. ఎంత చక్కని మాట! ఆ కొలకఱ్ఱే హీబ్రూ మూలంలో ఖానె. మరి మన ‘ప్రమాణం’? అందులో ఉన్నది ‘మా’ ధాతువు, కొలవడమే. రెల్లు కొలతతో వాళ్లూ, ధాతువు కొలతతో మనమూ ఒకే చోటికి చేరాం. పైగా తెలుగులో కొలవడమంటే మూరతో కొలవడమూ ఉంది, దేవుణ్ణి కొలవడమూ ఉంది. రెండూ ఒకే ధాతువని ప్రమాణం చేసి చెప్పను గాని, కొలిచి చూసిన పుస్తకాన్నే కొలుస్తారనుకోవడం బాగుంది. ప్రమాణానికి ‘ఒట్టు’ అనే అర్థమూ ఉంది, దాన్ని కోర్టుకు వదిలేద్దాం.

అయితే అప్రామాణికం అనగానే అబద్ధం అని చదువుకునే పాఠకులున్నారు. అది సరికాదు. కొలతకు నిలవలేదని మాత్రమే ఆ మాట చెబుతుంది. తొలి క్రైస్తవుల బోధల పుస్తకం డిడాకే, హెర్మాస్ రాసిన కాపరి గ్రంథం పట్టికలో లేకపోయినా, కొత్తగా విశ్వాసంలోకి వచ్చేవాళ్లు చదువుకోవచ్చని అథనేసియసే అన్నాడు. మరియమ్మ తల్లిదండ్రులు అన్నమ్మ, యోవాకీము. ఈ పేర్లు కొత్త నిబంధనలో ఎక్కడా లేవు. 2వ శతాబ్దంలో యాకోబు పేరిట పుట్టిన ఒక బాల్య సువార్త నుంచి వచ్చాయి. మన కతోలిక ఇళ్లలో ఎందరు అన్నమ్మలున్నారో మీరే లెక్కపెట్టండి.

ఒక జాగ్రత్త. తోబీతు, మక్కబీయుల లాంటి పాత నిబంధన పుస్తకాలను ప్రొటెస్టెంట్లు అపోక్రిఫా అంటారు, కతోలికులకు అవి బైబిలే. మీ పత్రిక ఏ సంఘానిదో చెప్పలేదు మీరు. ఆ పుస్తకాల ప్రసక్తి వస్తే ‘అప్రామాణికం’ అని దిద్దేముందు ఫాదర్‌నో పాస్టర్‌నో అడగండి.

మరి ఏం రాయాలి? వ్యాసం శాస్త్రీయమైతే ‘అప్రామాణిక గ్రంథాలు’ అనండి. అందరికోసం రాసిందైతే ‘బైబిల్‌లో చేరని పుస్తకాలు’ చాలు, ‘చేరని’ అనే మాట ఎవరినీ గెంటదు. ‘గుప్త’ను పూర్తిగా కొట్టేయమనను. తోమా సువార్తకు అది సొంత మాట, అక్కడ ఉండనివ్వండి. డిడాకేలో గుట్టేమీ లేదు, దాన్ని గుప్తమనడానికి మాత్రం నాకు మనసొప్పదు. ‘అపోక్రిఫాలు’ అని లు తగిలించకండి, అది అప్పటికే బహువచనం. అయినా రైల్సులు, కాయిన్సులు అనే కాలంలో ఈ ఒక్క లు కోసం పోట్లాడి గెలుస్తానన్న ఆశ లేదు.

తోమా అంటే అరమాయికులో కవల. గ్రీకులో దానికి అనువాదమే దిదుమ. యోహాను సువార్తలో ‘దిదుమ అనబడిన తోమా’ అని మనవాళ్లు ఏనాడో రాసి ఉంచారు. థామస్ ఇంగ్లీషు స్పెల్లింగు చూసి రాసిన రాత. ఇంగ్లీషువాళ్లే అక్కడ ‘హ’ పలకరు, టామస్ అంటారు. వాళ్లు పలకని ఒత్తు మనం పలకడం దేనికి? తోమా అనే దిద్దండి.