మిద్దెతోట పంటను ఫ్రిజ్‌లో కుక్కిన అబ్బాయికి పెద్దమ్మ ఉత్తరం

నూజివీడు

చిరంజీవి చిన్నాకు పెద్దమ్మ ఆశీస్సులు.

నువ్వు పంపిన ఫోటోలు చూశానురా. మిద్దె మీద ఐదు కిలోల టమాటాలు కోశావంటే మీ పెదనాన్న నమ్మలేదు, మార్కెట్లో కొని ఫోటో తీశాడు అన్నారు. తొడిమ దగ్గర పగిలిన కాయలు చూపించాకే ఒప్పుకున్నారు. రెండో ఫోటో మాత్రం నాకు నచ్చలేదు. టమాటాలు, పచ్చిమిర్చి, దొండకాయలు అన్నీ ఒకే కవర్లో కుక్కి ఫ్రిజ్ అడుగు అరలో పడేశావు. ఆ కవరు లోపల నీటి బొట్లు కనిపిస్తున్నాయి చూడు. నేను ఈ ఉత్తరంలో చెప్పబోయేదంతా ఆ నీటి బొట్ల గురించే.

కూరగాయను చెడగొట్టేది తడి. బూజుకైనా బాక్టీరియాకైనా బతకాలంటే నీళ్ళు కావాలి. ఎండబెడితే ఆ నీళ్ళు పోతాయి. ఉప్పేస్తే ముక్కలో నీళ్ళను బయటికి లాగేస్తుంది, మిగిలిన నీళ్ళను కూడా క్రిములకు అందకుండా తనే పట్టి ఉంచుతుంది. పులుపు వాటిని ఎదగనివ్వదు. నూనె పైన నిలబడి గాలిని ఆపుతుంది. పిల్లలకు ముప్పై ఏళ్ళు కెమిస్ట్రీ చెప్పినదాన్ని కదా, ఇంత వివరంగా చెబితే గానీ తృప్తి ఉండదు. మీ నాయనమ్మ అయితే ఎవరు పచ్చడి పెడుతున్నా గుమ్మంలో నిలబడి "తడి తగలనీయకండే" అని ఒక్క మాట అనేది. ఆవిడ జాడీలు ఎప్పుడూ పాడవలేదు, నావే పాడయ్యాయి.

ఆవకాయ, మాగాయ, ఎండబెట్టిన కూరముక్కల ఒరుగులు, చల్ల మిరపకాయలు అన్నీ ఈ ఏడే నేర్చుకుంటానన్నావు. వద్దు. ఇప్పుడు చేతిలో టమాటాలున్నాయి, ఎండ బాగుంది, దానితో మొదలుపెట్టు. అదీ రెండు కిలోలు చాలు.

గట్టిగా, ఎర్రగా ఉన్న కాయలు ఏరుకో. పగిలినవి, మెత్తబడినవి ఈ రాత్రికే పప్పులో వేసేయ్. నిలవ పచ్చడికి అవి పనికిరావు. కడిగి, గుడ్డతో తుడిచి, ఫ్యాన్ కింద గంటసేపు పరిచి ఉంచు. తొడిమ ఊడిన చోట చిన్న గుంట ఉంటుంది చూడు, అక్కడ ఒక నీటి చుక్క దాక్కుంటుంది. పైపైన తుడిస్తే పోదు. గుడ్డ కొసను మెలిపెట్టి ఆ గుంటలో తిప్పాలి. ఇదంతా చాదస్తం అనుకోకు.

కిలో టమాటాలకు 100 గ్రాముల కల్లుప్పు, అర చెంచా పసుపు. ఉప్పును ఒక రోజు ఎండలో పెట్టి దంచుకుని, తూకం వేసి వాడు. చెంచాలతో కొలవకు. మెత్తటి ఉప్పు చెంచాలో ఎక్కువ పడుతుంది, రాళ్ళ ఉప్పు తక్కువ పడుతుంది. ఒక్కో కాయను ఎనిమిది ముక్కలు చేసి, ఉప్పు పసుపు కలిపి జాడీలో వేసి మూత పెట్టు. రెండో రోజు పొడి గరిటెతో అడుగు నుంచి ఒకసారి తిరగేయి. మూడో రోజుకు ముక్కలు ఊటలో మునిగి ఉంటాయి.

అప్పుడు ముక్కలను చేత్తో పిండి, పళ్ళెంలో విడివిడిగా పరిచి ఎండలో పెట్టు. ఊటను పింగాణీ గిన్నెలో పోసి, కిలోకు 100 గ్రాముల చింతపండు గింజ, ఈనె లేకుండా తీసి అందులోనే వేసి, దాన్నీ ఎండలో ఉంచు. చింతపండును నీళ్ళలో నానబెట్టకు. మూడు రోజులు కష్టపడి బయటికి తీసిన నీళ్ళను మళ్ళీ మనమే పోసినట్టవుతుంది.

ఇంకో సంగతి. చింతపండు రుచి కోసమే అనుకునేవాళ్ళున్నారు. పులుపును కొలిచే అంకెను పీహెచ్ అంటారు, అది తగ్గే కొద్దీ పులుపు ఎక్కువన్నమాట. బొట్యులిజం అనే ప్రమాదకరమైన జబ్బు తెచ్చే విషాన్ని తయారుచేసే బాక్టీరియా పీహెచ్ 4.6 కన్నా తక్కువ ఉన్న పులుపులో పెరగలేదు. మన టమాటా సరిగ్గా ఆ గీత దగ్గర ఉంటుంది, బాగా పండే కొద్దీ పులుపు తగ్గి ఆ గీత దాటిపోతుంది కూడా. చింతపండు దాన్ని ఇవతలికి లాగుతుంది. అందుకని టమాటా బాగా పుల్లగా ఉంది కదా అని చింతపండు మానేయకు.

రెండు మూడు రోజులు గట్టి ఎండ తగిలితే చాలు. అంచులు ముడుచుకుని రంగు ముదురుతుంది. ఒక ముక్క తీసి వంచు. తోలులా వంగాలి, నొక్కితే వేలికి తడి అంటకూడదు. మీ మిద్దె మీద పావురాల గోల ఎక్కువ కాబట్టి పాత పలుచటి చీర ఏదైనా కప్పి, నాలుగు మూలలా బరువు పెట్టు. సాయంత్రం ఐదు దాటాక లోపలికి తెచ్చుకో, రాత్రి మంచుకు పగలంతా ఎండింది మళ్ళీ తడి పీల్చుకుంటుంది.

ఎండిన ముక్కలు, ఊటలో నానిన చింతపండు కలిపి రుబ్బు. కిలోకు 100 గ్రాముల కారం, దోరగా వేయించి కొట్టిన మెంతిపిండి రెండు చెంచాలు కలుపు. ఆ ముద్దను సీసాలోకి ఎత్తి, మధ్యలో గాలి సందులు లేకుండా నొక్కి, పైన వేలు మందాన నువ్వుల నూనె పోయి. పోపు ఇప్పుడే పెట్టకు. వారానికి సరిపడా తీసుకుని అప్పటికప్పుడు ఇంగువ, ఎండుమిర్చి, వెల్లుల్లితో పోపు పెట్టుకుంటే కొత్త పచ్చడిలా ఉంటుంది. రెండు కిలోలకు ఎంతో రాదు, చిన్న సీసా నిండుతుంది అంతే. కంగారుపడకు, టమాటాలో ఉన్నదంతా నీళ్ళే.

సీసా అంటే గాజుదో, పింగాణీ జాడీయో. స్టీలు డబ్బా, అల్యూమినియం గిన్నె వద్దు, ఉప్పూ పులుపూ కలిసి లోహాన్ని తినేస్తాయి. వేడినీళ్ళతో కడిగి ఒక పూటంతా ఎండలో బోర్లించు.

ఉప్పు విషయంలో నా సొంత అనుభవం చెబుతాను. మీ పెదనాన్నకు బీపీ వచ్చిన ఏడాది నేను తెలివితేటలకు పోయి ఆవకాయలో ఉప్పు సగానికి తగ్గించాను. ఆషాఢం దాటలేదు, ముక్క మెత్తబడింది, పైన తెల్లగా తెట్టు కట్టింది. ఆరు కిలోల కాయ. నాయనమ్మ వచ్చి మూత తీసి చూసి, ఏమీ అనకుండా మళ్ళీ పెట్టేసింది. తిట్టినా బాగుండేది. ఉప్పు తగ్గించాలంటే జాడీలో కాదు, కంచంలో తగ్గించుకోవాలి. అప్పటి నుంచి ఆయనకు ఒక్క ముక్కే వేస్తాను. రెండో ముక్క ఆయనే వేసుకుంటారనుకో, అది వేరే సంగతి.

బూజు పట్టిన పచ్చడిని పై పొర తీసేసి వాడేవాళ్ళు మన ఇళ్ళలో చాలామంది. నువ్వు అలా చేయకు. పైన కనిపించేది కొంతే, లోపలికి ఎంత పాకిందో కంటికి తెలియదు. మనసు రాయి చేసుకుని పారేయడమే.

పచ్చిమిర్చిని చల్ల మిరపకాయలు చేసేయ్. అందులో పోయేది ఏమీ లేదు, కొత్తవాళ్ళకు చేయి తిరగడానికి అంతకన్నా మంచిది దొరకదు. కాయ విడిపోకుండా నిలువునా ఒక గాటు పెట్టి, తొడిమ ఉంచి, ఉప్పు కలిపిన పుల్లటి చిక్కటి మజ్జిగలో రాత్రంతా నానబెట్టు. పొద్దున కాయలు తీసి ఎండలో వేయి, సాయంత్రం మళ్ళీ అదే మజ్జిగలో. మజ్జిగ మొత్తం కాయలే తాగేసేదాకా ఇదే పని. తర్వాత పూర్తిగా ఎండనీయి. డబ్బాలో పోసి ఊపితే గలగలమనాలి. మెత్తగా చప్పుడు చేస్తే ఇంకో ఎండ కావాలన్నమాట.

దొండకాయల్ని ఈసారి కూర చేసుకో. చేయి కుదిరాక వంకాయ, కాకర, గోరుచిక్కుడు ఒరుగులు చెబుతాను. ఒక్కటి గుర్తుపెట్టుకో, ఒరుగు పుటుక్కున విరగాలి. వానాకాలంలో మాత్రం ఆ జోలికి పోకు.

అక్క అమెరికాలో బీన్సు, మొక్కజొన్న సీసాల్లో పోసి ఏడాది నిలవ ఉంచుతోంది, నేనూ చేయనా అన్నావు. వద్దు. వాటిలో పులుపు ఉండదు. సీసాలను మరుగునీళ్ళలో ఎంతసేపు ఉంచినా 100 డిగ్రీలు దాటదు, ఆ బాక్టీరియా బీజాలు దానికి చావవు. అక్క దగ్గర అందుకోసమే చేసిన ప్రెషర్ కానర్ ఉంది, లోపల 115 డిగ్రీలు దాటుతుంది, ఏ కూరకు ఎన్ని నిమిషాలో పట్టిక చూసి చేస్తుంది. మన పప్పు కుక్కర్‌తో విజిళ్ళు లెక్కపెట్టి చేసే పని కాదది. పైగా ఆ విషానికి వాసన ఉండదు, రంగు ఉండదు. పచ్చి వెల్లుల్లిని ఉత్త నూనెలో వేసి బయట ఉంచడం కూడా అలాంటిదే. బీన్సు ఎక్కువైతే మరుగునీళ్ళలో రెండు మూడు నిమిషాలు ఉంచి, చన్నీళ్ళలో వేసి, ఆరబెట్టి ఫ్రీజర్లో పెట్టుకో.

ఇక ఆవకాయ. వీడియో చూసి ఒక్కడివే పెట్టకు. వైశాఖంలో నాలుగు రోజులు సెలవు పెట్టి ఇక్కడికి రా. చిన్నరసాలు టెంక ముదిరి, పులుపు దిగకముందే కోయాలి. ఆ రెండింటి మధ్య పది రోజులు కూడా ఉండదు. కత్తి మీద కాయ పెట్టి ఒక్క దెబ్బకు టెంకతో సహా చీలేలా కొట్టడం, జీడి తీసి లోపలి పొర గీకడం, మూడో రోజు తిరగ కలిపి ఉప్పు చూడటం, ఇవి పక్కన నిలబడి చూస్తేనే వస్తాయి. మీ పెదనాన్నకు భుజం నొప్పి, కాయ కొట్టేవాడు కావాలి కూడా.

టమాటాలు రేపు పొద్దున్నే కోసి ఉప్పేసేయ్. మూడో రోజు మూత తీయగానే ఫోటో పంపు. ముక్కలు ఊటలో మునిగాయో లేదో చూసి, ఎండలో వేయమని నేను చెప్పాకే వేయి.

ఇట్లు,
మీ పెద్దమ్మ