కెమెరా కంటే ముందు కేబుల్

చిరంజీవి అమ్మాయికి,

పెదనాన్న ఆశీస్సులు. పరిశోధన నౌకలో ఆర్‌ఓవీ (ఓడ మీద నుంచి కేబుల్‌తో నడిపే, మనుషులెక్కని సముద్ర యంత్రం) బృందంలో నీకు చోటు దొరికిందని మీ నాన్న ఫోనులో చెప్పాడు. ఎంత సంతోషం వేసిందో! ఈ పనిలోనే నా తల నెరిసింది కాబట్టి నాలుగు మాటలు రాస్తున్నాను.

జాయ్‌స్టిక్ చేతికి రాగానే నీ కళ్లన్నీ తెర మీదే ఉంటాయి. అయితే పైలట్ మనసు కేబుల్ మీద ఉండాలి. యంత్రానికి కరెంటు, నీకు కనిపించే బొమ్మ, నువ్విచ్చే ఆదేశం అన్నీ దానిలోంచే నడుస్తాయి. జపాన్ వారి ఆర్‌ఓవీ కైకో 1995లో సముద్రాలన్నిటిలోకీ లోతైన ఛాలెంజర్ డీప్ అడుగును తాకి వచ్చింది. అదే యంత్రాన్ని 2003లో తుపాను దగ్గరపడుతుంటే పైకి తీస్తున్నప్పుడు, దాన్ని నీటిలోకి మోసుకెళ్లే లాంచర్‌కూ దానికీ మధ్యనున్న కేబుల్ తెగింది. ఇక దొరకలేదు. అందుకే ఏ వైపు ఎన్ని చుట్లు తిరిగావో ఎప్పటికప్పుడు రాసుకో. కుడికి మూడు చుట్లు తిరిగితే, పైకి బయలుదేరే ముందు ఎడమకు మూడు చుట్లు తిరిగి ఆ మెలిక విప్పాలి. బండరాళ్ల మధ్యకు వెళ్తే వెళ్లిన దారినే వెనక్కి రా, అడ్డదారి వెతకవద్దు.

చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ (ఎన్‌ఐఓటీ) వారి రోసబ్ 6000 అనే ఆర్‌ఓవీ 2010లో హిందూ మహాసముద్రంలో 5,289 మీటర్ల లోతుకు దిగింది. అక్కడ ఒత్తిడి మనం పీల్చే గాలి ఒత్తిడికి 500 రెట్ల పైమాటే. అంత లోతుకు దిగడానికి గంటలు పడుతుంది. తీరా చేరాక అడుగున ఉన్న మెత్తటి బురదను ఒక్కసారి లేపావా, అది ముగ్గుపిండిలా కమ్ముకుంటుంది. ప్రవాహం లేని చోట తేటపడేదాకా చేతులు కట్టుకు కూర్చోవాలి. కాబట్టి యంత్రం కొద్దిగా పైకి తేలేలా బరువు సరిచూసుకో. అప్పుడు కిందికి దిగడానికి తిప్పే ప్రొపెల్లర్లు నీటిని పైకి నెడతాయి, బురద కదలదు. ప్రవాహానికి ఎదురుగా దిగు. లేచిన కాస్తా వెనక్కి కొట్టుకుపోతుంది.

మట్టి నమూనా గొట్టం దింపేటప్పుడు నిటారుగా, నెమ్మదిగా దింపు. శాస్త్రవేత్తలకు కావలసింది చాలావరకు పైపొరలోనే ఉంటుంది. విసురుగా గుచ్చితే ఆ పొరే చెదిరిపోతుంది, అంత దూరం వెళ్లింది దండగ. వాళ్లు తొందరపెడతారు, కొందరు నీ వెనకే నిలబడి చెయ్యి చూపిస్తారు. విసుక్కోవద్దు. ఆ ఒక్క గొట్టం కోసం వాళ్లు ఏళ్లు ఎదురుచూసి ఉంటారు. తీసే ముందు సమయం, లోతు, దిశ గట్టిగా చదువు, రికార్డులో నిలుస్తుంది.

డెక్ మీద ఓ-రింగులు, అంటే నీరు చొరకుండా మూతల దగ్గర బిగించే రబ్బరు వలయాలు, నీ చేత్తోనే తుడువు. పీచు రాలని గుడ్డతో తుడిచి, టార్చి వేసి చుట్టూ చూడు. ఒక్క వెంట్రుక అడ్డుపడినా ఆ లోతులో ఉప్పునీరు లోపలికి దారి చేసుకుంటుంది.

అన్నిటికంటే ప్రమాదమైనది యంత్రం నీటిని తాకే ఆ కాసేపు. అలలు ఓడను ఊపుతుంటే టన్నుల బరువు కేబుల్ మీద ఊగుతుంది. ఆ సమయంలో కేబుల్‌ను చుట్టే వించి దగ్గరున్న మనిషి మాటే మాట. కేబుల్ మీద పడుతున్న బరువు అంకెలు నీకు తేడాగా కనిపిస్తే మాత్రం, పెద్దవాళ్లున్నారు కదా అని ఊరుకోకు. ఆపమని వెంటనే గట్టిగా చెప్పు.

ప్రేమతో,
పెదనాన్న